గింజకు సూది వేయించాక

2024 నవంబర్ 16, శనివారం. సాయంత్రం

గింజకు ఈ రోజు సూదులు వేయించాను. ఒకటి రేబిస్‌కి, ఇంకొకటి మిగతా జబ్బులన్నిటికీ కలిపి. హాఫ్ డే లీవ్ అడిగితే మిల్లు సూపర్‌వైజర్ కుక్క కోసమా అని నవ్వాడు. నవ్వుకోనీ.

ఇది దొరికింది దీపావళి అయిన వారంలో. ఆ పొద్దున నేను ఆదోనిలో మా మిల్లు వేబ్రిడ్జి క్యాబిన్ తాళం తీస్తున్నాను. పత్తి లారీ ముందు టైరుకు ఆనుకుని ముడుచుకుని పడుకుంది. లారీ స్టార్ట్ చేయబోతూ డ్రైవర్ ఎందుకో కిందికి చూశాడు. చూడకపోయి ఉంటే అంతే. రెండు చేతులతో ఎత్తి నా క్యాబిన్ మెట్ల మీద పెట్టి, మేడమ్ మీదేనా అని కన్నడంలో అడిగాడు. కాదని చెప్పాలి కదా. చెప్పలేదు. ఆ తర్వాత కాంటా మీద నిలబెట్టి చూశాను. సున్నా చూపించింది. లారీలు తూచే కాంటాకు అది లెక్కలోకి రాదు. ఒళ్లంతా పత్తిగింజ రంగు, మీద తెల్లటి నూగు. అందుకే గింజ.

ఏడాది వయసుంటుందని డాక్టరమ్మ చెప్పింది. మెడ చుట్టూ వెంట్రుకలు అరిగిపోయి ఉన్నాయట. ఎవరో బెల్టు కట్టి పెంచుకుని వదిలేశారంది. ఇదివరకు సూదులు వేయించారో లేదో చెప్పలేమంది.

సూది పొడిచినప్పుడు ఏడవలేదు. నా వైపు చూసింది. అంతే. ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో వణకడం మొదలుపెట్టింది.

డాక్టరమ్మ ముందే చెప్పింది. రెండు రోజులు డల్‌గా ఉండొచ్చు. తిండి తగ్గొచ్చు. పొడిచిన చోట వాపు, నొప్పి ఉంటాయి. ముందుకాళ్లు పట్టి ఎత్తొద్దు. చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ కొంచెంసేపు వేయండి. మనుషుల మాత్రలు మాత్రం వేయొద్దు. మూతి వాచినా, వాంతులైనా, ఊపిరికి ఇబ్బంది పడినా వెంటనే తీసుకురండి.

రాత్రి 8

ఎడమ భుజం మీద ఉసిరికాయంత గడ్డ లేచింది. ఆ కాలు మోపగానే ఏడుస్తోంది. తడిగుడ్డ వేస్తే కాసేపు ఊరుకుంటుంది. తీస్తే మళ్లీ మొదలు. కింద ఇంటివాళ్ల టీవీ సౌండ్ పెంచారు.

నవంబర్ 17, ఆదివారం. పొద్దున

ఓనర్ ఆంటీ పైకి వచ్చింది. కోపంగా ఏమీ మాట్లాడలేదు. ఇన్నాళ్లూ అరవలేదు కాబట్టి నేనూ చూసీ చూడనట్టు ఊరుకున్నాను అంది. మా ఆయన బీపీ మనిషి, ఈ ఏడుపు ఆగేదాకా ఎక్కడైనా పెట్టుకో అంది. పావు డోలో మాత్ర వేస్తే నిద్రపోతుంది కదా అని కూడా అంది. పావు ముక్కయినా వేయకూడదా అని డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఆదివారమైనా ఎత్తింది. వద్దే వద్దు అంది.

ఎక్కడ పెట్టను? నాకు ఉన్నది ఒక్కటే చోటు. ఎమ్మిగనూరులో అమ్మావాళ్ల ఇల్లు.

ఆ ఇంట్లో కుక్క మాటే ఎత్తరు. మా నరేష్ అన్న కుక్క కరిచి పోయాడు. వాడికి పన్నెండేళ్లు, నాకు తొమ్మిది. అంతకంటే రాయడానికి నాకు తెలిసిందేమీ లేదు. ఆ వారం నన్ను నందవరంలో అత్తమ్మ ఇంట్లో ఉంచారు. తిరిగి వచ్చేసరికి ఇంట్లో వాడి బట్టలు కూడా లేవు. నాయన ఇప్పటికీ వీధిలో కుక్క కనబడితే అవతలి పక్కకు మారిపోతాడు. చేతిలో కర్ర లేకుండా చీకట్లో బయటికి పోడు.

అక్కడికి తీసుకుపోతున్నాను. ప్లాస్టిక్ బుట్టలో పాత చీర పరిచి.

ఆదివారం. సాయంత్రం

బస్సు గుంతలో పడ్డప్పుడల్లా గింజ మూలిగింది. బుట్టను ఒళ్లో పెట్టుకుని, రెండు మోచేతులూ గాల్లో ఎత్తి పెట్టి, కుదుపు దానికి తగలకుండా కూర్చున్నాను. దిగేసరికి నా భుజాలూ పట్టేశాయి.

వీధి మొదట్లోకి రాగానే మా మగ్గం చప్పుడు వినబడింది. నేను గడప దాటగానే ఆగిపోయింది. నాయన మగ్గం గుంటలోంచి లేచి నిలబడ్డాడు. బుట్ట వైపు చూశాడు.

"దీన్ని యాడ పట్టుకొచ్చినావు?"

చెప్పాను. సూది వేయించాననీ, నొప్పి అనీ, రెండు రోజులేననీ. సూది అన్న మాట దగ్గర నాయన ముఖం మారింది. ఏ సూది అని అడిగాడు. కుక్కలకు రేబిస్ రాకుండా వేసేది అన్నాను. మా ఇంట్లో ఆ మాట నేను పలకడం ఇదే మొదటిసారి అనుకుంటా. అమ్మ రాట్నం దగ్గర నూలు కండెలు చుడుతోంది. చెయ్యి ఆపలేదు. తల ఎత్తలేదు.

వెనక వరండాలో పడుకోబెట్టాను. గుడ్డు, అన్నం పిసికి పెడితే రెండు ముద్దలు నాకి వదిలేసింది. నీళ్లు ముట్టలేదు. నాయన మూడుసార్లు వచ్చి దూరంగా నిలబడి అదే అడిగాడు.

"నీళ్లు తాగినాదా?"

లేదన్నాను. తిన్నదా, నొప్పి తగ్గిందా అని అడగడు. నీళ్లు ఒక్కటే. మూడోసారి అడిగాక నాకు వెలిగింది. నరేష్ అన్న ఆఖర్లో నీళ్లు చూసి భయపడ్డాడని అత్తమ్మ ఎవరితోనో చెబుతుంటే చిన్నప్పుడు విన్నాను.

నాయనా, అది నొప్పికి తాగట్లేదు, దానికి మెడ వంచితే గడ్డ లాగుతుంది అని చెప్పాను. గిన్నె కింద రెండు ఇటుకలు పెట్టి ఎత్తు చేశాను. నాయన దగ్గరికి వచ్చేసరికి గింజ గుర్రుమంది. ఆయన వెనక్కి ఎంత వేగంగా జరిగాడంటే గోడ తగిలింది.

"రేపు పొద్దున గోనెగండ్ల రోడ్డులో ఇడిసిపెట్టొస్తా. నువ్వేం బాధపడాకు."

రెండు రోజులు ఆగమని బతిమాలాను. ఏమీ అనలేదు. ఒప్పుకున్నట్టా కాదా తెలియదు.

నవంబర్ 18, సోమవారం

పొద్దున ఆరింటికి ఇటుకల మీద గిన్నెలో నీళ్లు తాగింది. నాయన స్తంభం పక్క నిలబడి మొత్తం చూశాడు. పోయి మగ్గంలో కూర్చున్నాడు.

నేను డ్యూటీకి ఆదోని పోక తప్పదు. పత్తి సీజన్. మార్కెట్ యార్డు నుంచి లారీలు వరసగా వస్తాయి. తడిగుడ్డ ఎట్లా వేయాలో, ఎడమ భుజం ఎందుకు ముట్టుకోకూడదో అమ్మకు చెప్పాను. అమ్మ వింటున్నట్టే లేదు.

సాయంత్రం వచ్చి చూస్తే గింజ మీద తడిగుడ్డ ఉంది. అమ్మ చీర చింపిన గుడ్డ. నాది కాదు.

నవంబర్ 19, మంగళవారం

కుంటడం తగ్గింది. గుడ్డన్నం సగం తిన్నది. మిల్లులో పత్తి విడదీసే జిన్నింగ్ మెషిన్ ఆగిపోయి ఒకటే గొడవ. బాగా అలిసిపోయాను.

నవంబర్ 20, బుధవారం

 జరిగింది జరిగినట్టు రాసుకుంటున్నాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ అన్నం వండింది. మా ఇంట్లో పొయ్యి మీద జొన్నరొట్టె లేని సాయంత్రం ఉండదు. ఏమ్మా రొట్టె చేయలేదా అంటే పిండి అయిపోయిందంది. నీళ్లకు వంటింట్లోకి పోతే పిండి డబ్బా మూత తీసే ఉంది. నిండుగా.

అమ్మ కుడిచెయ్యి కొంగులో పెట్టుకుని కూర్చుంది. చూపించమన్నాను. నూలు కోసుకుందంది. లాగాను. బొటనవేలి మొదట్లో గుడ్డ, గుడ్డ కింద పసుపు, పసుపు కింద రెండు పళ్ల గాట్లు. చుట్టూ ఎర్రగా వాచి ఉంది.

ఎప్పుడు అని అరిచాను. సోమవారం అంది. నెమ్మదిగా మాట్లాడు, నాయన వింటాడు అంది.

సోమవారం మధ్యాహ్నం నాయన అన్నానికి లేచినప్పుడు గింజ పోయి మగ్గం గుంటలో పడుకుందట. అక్కడ చల్లగా ఉంటుంది కదా. నాయన తిరిగొచ్చి కాళ్లు పెడితే దాని మీదే పెడతాడు. అది కరుస్తుంది, ఆయన చంపేస్తాడు. ఆ కంగారులో అమ్మ వంగి దాన్ని ఎత్తబోయింది. సరిగ్గా ఎడమ భుజం పట్టుకుంది.

"దానికి నొప్పి. తెలీక నేను ఆడనే పట్టుకుంటి. అది మాత్రం ఏం జేస్తాది? మీ నాయనకు తెలిస్తే దాన్ని బతకనిస్తాడా?"

మూడు రోజులు. ఆ చేత్తోనే కండెలు చుట్టింది. ఆ చేత్తోనే నాకు టిఫిన్ కట్టింది. కొడుకు ఎట్లా పోయాడో తెలిసిన మనిషి.  చెయ్యి పట్టుకుని నీళ్లు పోసుకునే జాలాట్లోకి లాక్కుపోయి, కొళాయి తిప్పి, సబ్బు పెట్టి కడుగుతూనే ఉన్నాను. నేను ఏడుస్తున్నానని అమ్మ చెబితే తెలిసింది.

అప్పటికి మగ్గం చప్పుడు ఆగింది. నాయన జాలాటి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. అమ్మ చెయ్యి చూశాడు. వరండాలోకి పోయాడు. మూలనున్న కర్ర తీశాడు.

నేను అడ్డం పోలేదు.  నోరు మాత్రం కదిలింది. దాన్ని చంపితే అమ్మకు ఏమవుతుందో మనకు తెలియదు నాయనా అని అరిచాను. అది పది రోజులు బతికి ఉండాలి, బాగా ఉండాలి, అప్పుడే అమ్మకు ఏమీ లేదని అర్థం అన్నాను. ఈ మాట ఎప్పుడు చదివానో, ఎక్కడ విన్నానో. ఫోన్ స్పీకర్లో పెట్టి డాక్టరమ్మ చేత కూడా చెప్పించాను. నొప్పి ఉన్నచోట పట్టుకుంటే ఏ కుక్కయినా కరుస్తుంది, ఎక్కువగా అదే అయి ఉంటుంది అంది. కానీ మొన్న వేసిన సూది అప్పుడే పనిచేయదు, దాని వెనకటి సంగతి మనకు తెలియదు, కాబట్టి అమ్మకు ఈ రాత్రే సూది వేయించండి, కుక్కను కట్టి ఉంచి కనిపెట్టి చూడండి, కొట్టొద్దు, వదలొద్దు అంది.

నాయన కర్ర పట్టుకునే విన్నాడు. తర్వాత గింజకు అంత దూరంలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మేము ఆసుపత్రికి ఆటో ఎక్కేటప్పుడు కూడా అట్లాగే కూర్చుని ఉన్నాడు.

గవర్నమెంట్ ఆసుపత్రిలో నర్సమ్మ ఇన్ని రోజులు ఏం చేస్తున్నారని కోప్పడింది. న్యాయమే. చేతికి సూది వేసింది. గాయం చుట్టూ ఇంకో మందు ఎక్కించారు. అమ్మ కళ్లు మూసుకుంది, గట్టిగా. శబ్దం చేయలేదు. మళ్లీ శనివారం రమ్మన్నారు.

నవంబర్ 21, గురువారం

లీవ్ పెట్టాను. సూపర్‌వైజర్ ఈసారి నవ్వలేదు.

అమ్మకు ఒళ్లు వెచ్చబడింది. చెయ్యి ఎత్తలేకపోతోంది. గింజకు వాపు తగ్గింది కానీ లోపల చిన్న గడ్డ గట్టిగా తగులుతోంది. అది కరగడానికి కొన్ని వారాలు పట్టొచ్చట. ఇద్దరూ వరండాలో పడుకున్నారు, అమ్మ చాప మీద, గింజ తాడు చివర గోనె మీద. అమ్మకు డోలో వేయొచ్చు. గింజకు వేయకూడదు. మిగతా సేవ అంతా ఒకటే. తడిగుడ్డ, మెత్తటి అన్నం, పక్కన నీళ్లు.

మధ్యాహ్నం నాయన నూలు తేవడానికి పోయాడు. అమ్మ పైకప్పు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టింది. నేను ఏమీ అడగలేదు.

నరేష్ అన్నకు బడి సందులో కుక్క మోకాలి వెనక పట్టింది. ఎవరికీ చెప్పలేదు. రెండు నెలల తర్వాత జ్వరం వచ్చి, నీళ్లు మింగలేక, గాలి తగిలినా ఉలిక్కిపడుతుంటే కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోయారు. అక్కడ డాక్టరు అడిగితే అప్పుడు చెప్పాడు. ఎందుకు దాచినావురా అని అమ్మ అడిగింది. నువ్వు కొడతావని అన్నాడు. కొత్త నిక్కరు చినిగింది కదా.

"సినిగింది నేను సూస్తి లతా. ఆ పొద్దే సూస్తి. సినిగినందుకు కొట్టినా. ఎట్ల సినిగిందిరా అని అడగలా. నా సేతుల్తోనే కుట్టి మళ్లా తొడిగించినా."

అమ్మ ఏడవలేదు. చెప్పి కళ్లు మూసుకుంది. నేను ఏదో అనాలి. నీ తప్పు కాదమ్మా అని అనాలి. ఆ మాట చాలా చిన్నదిగా అనిపించింది. గుడ్డ మళ్లీ తడిపి అమ్మ చేతి మీద వేశాను. ఇంకొకటి తడిపి గింజ మీద వేశాను.

ఇన్నేళ్లూ అమ్మ కుక్కల్ని అసహ్యించుకుంటుందని అనుకున్నాను. ఒక్కసారి కూడా అడగలేదు.

నవంబర్ 22, శుక్రవారం

గింజ నీళ్లు తాగింది. ఫోన్ చేసి నాయన చెప్పాడు. నేను అడగకముందే.

నవంబర్ 23, శనివారం

అమ్మకు రెండో సూది వేయించాం. పక్కింటి లింగమ్మవ్వ గోడ మీదుగా తొంగి చూసి, ఆ ఇంట్లోకి మళ్లా కుక్క ఏంటికి అని పెద్దగా అంది. నాయన మగ్గంలోంచి లేచి బయటికి వచ్చాడు.

"ఉంటే ఉండనీలే లింగమ్మా. పోతే మాకు ఇబ్బంది."

ఆమెకు ఏమీ అర్థమై ఉండదు.

నవంబర్ 24, ఆదివారం

నాయనను చూస్తూ కూర్చున్నాను ఈ రోజంతా. మగ్గం మీద కొంతసేపు నేస్తాడు, లేచి వరండాలోకి వస్తాడు. గింజ కళ్లలోకి చూస్తాడు. నోట్లోంచి చొంగ కారుతోందేమో చూస్తాడు. అన్నం గిన్నెను కర్రతో దాని ముందుకు తోస్తాడు. ఏ కర్ర ఆ రోజు ఎత్తాడో అదే. చేత్తో మాత్రం ముట్టుకోడు. గింజ తోక ఊపితే ముఖం పక్కకు తిప్పుకుంటాడు.

కొంచెం ఎక్కువసేపు నిద్రపోతే చాలు, పిలిచి లేపుతాడు. పేరు పెట్టి కాదు. "ఓయ్" అంటాడు. అది తల ఎత్తాక మళ్లీ పోయి నేస్తాడు. రోజంతా నేసినది జానెడు కూడా లేదు.

భయం నాకూ ఉంది. ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలేను. గింజ ఒకసారి ఊరికే గోడవైపు చూసి మొరిగింది. లేచి పోయి చూశాను. గోడ మీద బల్లి ఉంది.

నవంబర్ 25, సోమవారం. మధ్యాహ్నం 2, క్యాబిన్‌లో

అమ్మ ఫోన్. గింజ లేదు. నూలు బండి అతను వచ్చినప్పుడు గేటు తెరిచి ఉందట. తాడు కొరికేసింది.

బయట ఏడు లారీలు. నాకు బదులు కూర్చునేవాళ్లు లేరు. అంకెలు ఒకటికి రెండుసార్లు తప్పు కొట్టాను. ఇంకో మూడు రోజులు చూస్తే చాలు అనుకున్నాం. ఇప్పుడు ఏ లారీ కిందో పడిందంటే అమ్మ సంగతి ఎవరు చెబుతారు? సూదులు వేశారు, ఏమీ కాదు అని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఇది రాస్తున్నప్పుడు ఇంకొకటి కూడా తెలుస్తోంది. అమ్మ గురించి ఒక్కటే కాదు. అది కావాలి నాకు.

సోమవారం. రాత్రి, పడుకోబోయే ముందు

నాలుగున్నరకు వదిలారు. ఆదోని నుంచి బస్సులో నిలబడే వచ్చాను. అమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఫోన్ ఇంట్లో పెట్టి వీధి వీధి తిరుగుతోందట, లింగమ్మవ్వను కూడా వెంటబెట్టుకుని. నాయన సైకిల్ మీద గోనెగండ్ల రోడ్డు వైపు పోయాడని అంతకుముందు చెప్పింది. ఏ రోడ్డులో వదిలేస్తానన్నాడో ఆ రోడ్డే.

ఎమ్మిగనూరు బస్టాండులో దిగాను. బెంచీల వరస చివర నాయన కూర్చుని ఉన్నాడు. పక్కన సైకిల్. ఒళ్లో టవల్. టవల్లో గింజ.

నేను పొద్దున బస్సు ఎక్కే చోటికే వచ్చిందట. వాసన పట్టుకుని వచ్చి ఉంటుంది. గోనెగండ్ల రోడ్డు నుంచి తిరిగొస్తూ నాయన చూశాడట. బెంచీ కింద ఇరుక్కుని ఉంటే వీధి కుక్కలు నాలుగైదు చుట్టూ చేరి మొరుగుతున్నాయని సోడా బండి అతను చెప్పాడు. మీ నాయన సైకిల్ పడేసి వాటి మధ్యలోకి ఉత్త చేతుల్తో పోయినాడు మేడమ్, మేము రాళ్లు తీసేలోపలే దాన్ని ఎత్తుకున్నాడు అన్నాడు. కర్ర ఇంట్లోనే మర్చిపోయాడు నాయన.

నేను గబగబా పోయి గింజను తీసుకోబోయాను. నాయన టవల్ వెనక్కి లాక్కున్నాడు.

"ఆ పక్క పట్టుకోవాకు. ఆడ గడ్డ ఇంగా కరగలా."

ఆయన కుడిచెయ్యి దాని పొట్ట కింద ఉంది. ఎడమ భుజానికి ఏదీ తగలకుండా మోచెయ్యి దూరం పెట్టుకున్నాడు, నేను ఆ రోజు బస్సులో పెట్టుకున్నట్టు.  చొక్కా మొత్తం చెమట. నీకేమైనా తగిలిందా, పళ్లు గానీ గోళ్లు గానీ అని రెండు చేతులూ తిప్పి చూశాను. చిన్నపిల్లాడిలా చూపించాడు. ఏమీ లేదు.

ఇంటిదాకా ఆయనే ఎత్తుకుని నడిచాడు. నేను సైకిల్ తోసుకుంటూ వెనక నడిచాను. దారిలో కుక్కలు కనబడినా నాయన అవతలి పక్కకు మారలేదు.

నవంబర్ 28, గురువారం

డాక్టరమ్మకు ఫోన్ చేశాను. బాగా తింటోంది, తాగుతోంది, ఆడుకుంటోంది అన్నాను. ఇక భయం లేదు, అమ్మ సూదులు మాత్రం మధ్యలో ఆపొద్దు అంది. ఫోన్ పెట్టేసి అమ్మకు చెప్పాను. అమ్మ తల ఊపి వంటింట్లోకి పోయింది. కాసేపటికి రొట్టెలు తట్టే చప్పుడు వినబడింది. ఇంకా నొప్పి ఉంది కాబట్టి ఒక చెయ్యి గట్టిగా, ఒక చెయ్యి మెల్లగా.

నాయన పెరట్లో ఉన్నాడు. చెప్పాను.  తర్వాత నన్ను చూడకుండా అడిగాడు.

"అప్పుడు గూడా ఉండెనా ఈ సూదులు?"

నరేష్ అన్నప్పటి సంగతి. తెలియదు నాయనా అని అనొచ్చు. నోటిదాకా వచ్చింది. ఆయన వేళ్ల సందుల్లో నూలు రంగు చూస్తూ, ఉన్నాయి నాయనా అన్నాను.

"నాకూ తెల్సు. కర్నూల్లో ఆ డాక్టరు సెప్పినాడు. మీయమ్మకు సెప్పలా నేను."

అమ్మ తన మాట ఆయనకు చెప్పిందో లేదో. ఆయన ఇది మోస్తున్నాడు, ఆమె అది మోస్తోంది. ఒకే ఇంట్లో, మగ్గానికి అటొకరు ఇటొకరు. నేను మధ్యలో బస్సులు ఎక్కుతూ దిగుతూ ఉన్నాను.

అమ్మకు చెప్పు నాయనా అన్నాను.  ఆయన లోపలికి పోయినప్పుడు మగ్గం వైపు పోలేదు. వంటింట్లోకి పోయాడు. రొట్టె చప్పుడు ఆగింది. చాలాసేపు మళ్లీ మొదలవలేదు. నేను గింజను తీసుకుని వీధి చివరిదాకా పోయి, నెమ్మదిగా తిరిగి వచ్చాను.

డిసెంబర్ 1, ఆదివారం

గింజను ఆదోనికి తీసుకుపోతానని బుట్ట సర్దాను. ఎందుకు, నువ్వు పొద్దంతా కాంటా దగ్గర ఉంటే దాన్ని ఎవరు చూస్తారు అంది అమ్మ. నాయన బుట్టలోంచి చీర తీసి మళ్లీ వరండాలో పరిచాడు.

ఒక్కదాన్నే వచ్చాను. గదిలో చప్పుడు లేదు. ఆంటీ కుక్క ఏదని అడిగింది. అమ్మ దగ్గరుంది అన్నాను.

డిసెంబర్ 14, శనివారం

గింజకు రెండో విడత సూది. నాయన మగ్గం ఆపి గింజను తీసుకువస్తానన్నాడు గానీ అమ్మ ఒప్పుకోలేదు. తనే బస్సెక్కి ఆదోనికి తెచ్చింది. బల్ల మీద పెట్టి, ఈసారి కుడి పక్క వేయమని డాక్టరమ్మకు చెప్పింది. పాత గడ్డ ఎక్కడుందో వేలితో చూపించింది. సూది దిగుతున్నప్పుడు గింజ పోయినసారి లాగే నోరు తెరవలేదు. అమ్మ వంగి దాని చెవి దగ్గర నోరు పెట్టింది. డాక్టరమ్మ నవ్వబోయి, అమ్మ ముఖం చూసి ఆగిపోయింది.

"నొప్పయితే సెప్పు నాయనా. నేనేమీ అననులే. నొప్పయితే నాకు సెప్పల్ల."